సిమెంటు కట్టు

ఉదయగిరి నుంచి సీతారామపురం పోయే రోడ్డు పక్కన ఉన్న ఆ ఊళ్లో రాజమోహన్ మాటంటే మాటే. గట్టు తగాదాలు, నీళ్ల తగాదాలు, ఆఖరికి మొగుడూ పెళ్లాల తగాదాలు కూడా అతని అరుగు మీదికే వచ్చేవి. పెళ్లాన్ని కొట్టినవాణ్ణి నిలబెట్టి, "ఆడకూతురి మీద చెయ్యెత్తేవోడు మనిషేనా రా?" అని నలుగురి ముందూ చీవాట్లు పెట్టిన సందర్భాలున్నాయి. లోపల పొయ్యి ఊదుకుంటూ ఆ మాటలు వినే అతని తల్లి వెంకమ్మకు నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు.

ఎందుకంటే అరుగు ఖాళీ అయ్యాక అతను లోపలికి వచ్చి ఏం చేసేదీ ఆమెకు తెలుసు. పులుసులో ఉప్పు చాలకపోయినా, పంచె మీద మరక వదలకపోయినా కోడలు ప్రమీలమ్మ వీపు మోగేది. అలా మోగినప్పుడల్లా వెంకమ్మ లేచి గొడ్లపాకలోకి పోయి గేదెను తిట్టేది. ఏం పాపం చేసిందో తెలియని ఆ గేదె చెవులాడిస్తూ వినేది. వెంకమ్మ మొగుడు బతికున్నన్నాళ్లూ ఆమె వీపూ అలాగే మోగింది. అప్పుడు ఆమె అత్త ఏ గేదెనూ తిట్టలేదు, ఇంకో నాలుగు తగిలించమనేది. తను అంతకన్నా మేలే కదా అని వెంకమ్మ సరిపెట్టుకునేది.

డెబ్బై ఎనిమిదిలో, ఉగాది ఇంకా రాకముందే ఎండలు ముదిరాయి. ఒక మధ్యాహ్నం మర్రిపాడు నుంచి వచ్చిన పెద్దమనుషులు అరుగు మీద ఉండగా రాజమోహన్ రెండోసారి కాఫీ కేకేశాడు. "పాలు అయిపొయినాయి" అని ప్రమీలమ్మ లోపల్నుంచి అంది. కొంచెం గట్టిగా అంది, అంతే. వచ్చినవాళ్లు బస్సెక్కేదాకా అతను నవ్వుతూనే ఉన్నాడు. ఆ తర్వాత లోపలికి వచ్చి ఆమె కుడిచేయి పట్టుకుని, వెనక్కి మెలిపెట్టి, గోడకేసి తోశాడు.

ఎండు కట్టె విరిగినట్టు చప్పుడైంది. వెంకమ్మ గొడ్లపాక దాకా పోలేకపోయింది. కోడలు నేల మీద పడి, అరుపు కూడా రాక, నోరు తెరుచుకుని ఆమెనే చూస్తోంది. భుజం ఉండాల్సిన చోట లేదు.

"ఆత్మకూరు తీసకపో మా," అన్నాడు రాజమోహన్. అతని ముఖంలో నెత్తురు లేదు. "అడిగితే ఏం జెప్పాల్నో నీకు తెలుసు గదా."

ఉదయగిరి నుంచి జానీ బాషా అద్దె కారు వచ్చింది. దారి పొడవునా గుంతలే. గుంత వచ్చినప్పుడల్లా ప్రమీలమ్మ పళ్లు బిగపట్టేది. ఉదయగిరి కొండ వెనకబడ్డాక వెంకమ్మ ఆమె చెవి దగ్గరికి వంగింది.

"మిద్దె మీద చింతపండు ఎండబోసినాం. మబ్బు పట్టింది. ఎత్తకరాను పొయ్యి మెట్ల మింద జారినావు. ఇన్నావా?"

ప్రమీలమ్మ తలూపింది. ముందు సీట్లో జానీ బాషా అద్దంలోంచి ఒకసారి ఆకాశం చూశాడు. మబ్బు తునక కూడా లేదు. బాడుగ బండి నడిపేవాడికి అనడానికి ఏముంటుంది!

ఆత్మకూరులో ఆ ఎముకల డాక్టరు మంచివాడే. కీలు సరిచేసి, విరిగిన ఎముక కుదురుకోవాలంటే భుజం ఏమాత్రం కదలకూడదని సిమెంటు కట్టు వేయించాడు. కట్టు వేసే మహబూబ్ సుభాని ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి, తడిపిన పట్టీలతో నడుము నుంచి రొమ్ముల మీదుగా చుట్టుకొచ్చాడు. చేతిని పక్కకి భుజమెత్తున లేపి, మోచేయి ముందుకు వంచి, ముంజేతి దాకా చుట్టాడు. చెయ్యి దిగిపోకుండా నడుముకూ మోచేతికీ మధ్య ఒక కర్ర ఊతంపెట్టి దాన్నీ కలిపి సిమెంటు చేశాడు. అంతా అయ్యేసరికి ప్రమీలమ్మ దారిలో బస్సును ఆపబోతున్న మనిషిలా తయారైంది.

"నెలన్నర," అన్నాడు డాక్టరు వెంకమ్మతో. "ఆ పైన ఒక్కరోజు కూడా ఉంచొద్దు. విప్పినాక రోజూ చెయ్యి ఆడించాలి. లేదంటే కీలు పట్టుకుపోతుంది పెద్దమ్మా, మళ్లీ లేవదు."

వెంకమ్మ విన్నది. పక్కనే ఉన్న ప్రమీలమ్మ కూడా విన్నది. వాళ్లిద్దరూ తప్ప ఆ మాట విన్న ఇంటి మనిషి ఇంకెవరూ లేరు. తిరిగి వచ్చేటప్పుడు ఆ చెయ్యి కార్లో పట్టలేదు. జానీ బాషా అద్దం దించి మోచేతిని బయటికి పెట్టించి, ఎదురుగా లారీ వచ్చినప్పుడల్లా బండి పక్కకి తీసి ఆపుతూ నడిపాడు.

మర్నాటి నుంచి పలకరింపులు మొదలయ్యాయి. మామూలు జ్వరానికే పలకరించడానికి వచ్చే ఊరు అది. ఇంత పెద్ద కట్టు, అదీ రాజమోహన్ ఇంట్లో, ఇక ఆగుతారా? బ్రెడ్డు తెచ్చినవాళ్లు, బత్తాయిలు తెచ్చినవాళ్లు, ఊరికే కట్టు చూసిపోదామని వచ్చినవాళ్లు. కొందరైతే వేలితో కొట్టి చూసి "గోడే గదా మే!" అని ఆశ్చర్యపోయారు. వచ్చిన ప్రతివాళ్లకూ ఎట్లా పడిందో చెప్పాలి. చెప్పింది వెంకమ్మ. మొదటి రోజు ఆమె కథలో మబ్బు మాత్రమే ఉంది. వారం తిరిగేసరికి గాలి వచ్చింది, నాలుగు చినుకులు పడ్డాయి, మూడో మెట్టు మీద నాచు పుట్టింది. పక్కింటి నారాయణయ్య, వరసకు ఆమెకు మరిది, రోజూ వచ్చి రోజూ అడిగేవాడు, రోజూ కొత్తగా విన్నట్టు నోరు చప్పరించేవాడు.

"చెప్పు తెగి ఉంటాది వదినా. చెప్పు తెగితేనే అట్టా పడేది."

"చెప్పే తెగింది నారాయణా," అంది వెంకమ్మ. ఆ రోజు నుంచి కథలోకి చెప్పు కూడా వచ్చి చేరింది.

రాజమోహన్ వచ్చినవాళ్ల పక్కన కూర్చుని బాధగా తలాడించేవాడు. భార్యకు దిండు సర్దేవాడు. ఒకసారి ఎవరో చూస్తుండగా తనే గ్లాసు పట్టుకుని మజ్జిగ తాగించాడు. ఊళ్లో ఆడవాళ్లు ఆ మజ్జిగ సంగతి నెలరోజులు చెప్పుకున్నారు.

ఒక సాయంత్రం అరుగు మీద మనిషి లేని వేళ, ఎడమచేత్తో కాఫీ తెస్తున్న ప్రమీలమ్మ గ్లాసు జారవిడిచింది. వేడి కాఫీ అతని కాళ్ల మీద పడింది. రాజమోహన్ లేచాడు. చెయ్యి కూడా లేచింది. వంటింటి గడపలో వెంకమ్మ కళ్లు మూసుకుంది. అంతలో వాకిట్లో నారాయణయ్య దగ్గు వినిపించింది. వెంకమ్మ కళ్లు తెరిచేసరికి లేచిన చెయ్యి అతని తల మీదికే పోయి జుట్టు సవరించుకుంటోంది.

ఆ రోజు వెంకమ్మకు ఒక సంగతి అర్థమైంది. కట్టు ఉన్నన్నాళ్లూ జనం వస్తారు. జనం వస్తున్నన్నాళ్లూ వీడు చెయ్యి చేసుకోడు. ఇరవై ఏళ్లు మొగుడి చేతిలో తను, పన్నెండేళ్లు కొడుకు చేతిలో కోడలు పడినా కనబడని ఉపాయం ఇంత సులువుగా కనబడినందుకు ఆమె గుండె దడదడలాడింది. సంతోషంతోనే.

అప్పట్నుంచి ఆమె పలకరింపులు తగ్గకుండా చూసుకుంది. సీతారామపురం బస్సు కండక్టరుతో ఎప్పుడో తెగిపోయిన చుట్టాలకు కబురు పంపింది. అనంతసాగరంలో ఉన్న పినతల్లి కూతురికి జాబు రాయించింది. వచ్చినవాళ్లకు కాఫీ, ఉప్మా, పొద్దుపోతే భోజనం. ఇంట్లో చక్కెర ఇట్టే అయిపోతోందని రాజమోహన్ విసుక్కుంటే, "పలకరించను వచ్చినోళ్లని పస్తు పంపితే నీకే గదరా పేరు," అంది.

పలకరించడానికి ప్రమీలమ్మ తమ్ముడు వెంకటరమణ కూడా కావలి నుంచి వచ్చాడు. ప్రమీలమ్మ ఒక్కగానొక్క కూతురు అతని ఇంట్లోనే ఉండి చదువుకుంటోంది. అతను అక్క దగ్గర చాలాసేపు కూర్చున్నాడు. పోయేముందు గొడ్లపాక దగ్గర వెంకమ్మను ఆపాడు.

"అత్తా, మా అక్క చిన్నప్పుడు చింతచెట్టు చిటారుకొమ్మ దాకా ఎక్కి దిగేది. మెట్ల మింద పడిందంటే నాకు నమ్మబుద్ది కాలా. నిజం చెప్పండి. మీరొక్క మాటంటే ఇప్పుడే కావలికి తీసకపోతా."

ఆ ఒక్క మాట నోటిదాకా వచ్చింది. కానీ కట్టుతో పుట్టింటికి పోయిన కోడలు మళ్లీ వస్తుందా? ఊరేమనుకుంటుంది? ఇవన్నీ ఒక ఎత్తు. కోడలు పోతే ఆ ఇంట్లో మిగిలేది తనూ, వాడూ. కోపం వచ్చిన రోజున వాడికి ఎదురుగా దొరికే వీపు ఎవరిది? ఆ ఆలోచన వచ్చినందుకు వెంకమ్మకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా నోరు మాత్రం ఇంకోలా పలికింది.

"నా బిడ్డ మింద ఒట్టు నాయనా. చెప్పు తెగి పడింది."

వెంకటరమణ తలొంచుకుని బస్సుకు పోయాడు.

నెలన్నర దగ్గర పడింది. ఒక రాత్రి అన్నం తింటూ రాజమోహన్ అడిగాడు, "ఎప్పుడు విప్పాలన్నాడు డాక్టరు?"

"ఇంకో నెల ఉండాలంట," అంది వెంకమ్మ. అతని కంచంలో ఇంకాస్త చారు పోసింది. గడప దగ్గర కూర్చున్న ప్రమీలమ్మ తల ఎత్తి అత్తను చూసింది, మళ్లీ దించుకుంది.

తెల్లారి వెంకమ్మ కోడలికి తల దువ్వుతున్నప్పుడు మాత్రమే ఆ విషయం మాట్లాడుకున్నారు.

"అత్తా, కీలు పట్టకపోతాదని గదా ఆయన చెప్పింది."

"డాక్టర్లు అట్టనే అంటారు. మా నాయనకి కాలు విరిగితే ఉదయగిరిలో ఎదురుబద్దల కట్టు కట్టినారు. అదే ఊడి పడేదాకా ఉంచినారు. సచ్చేదాకా ఆ కాలితోనే మడక దున్నినాడు. ఎంత కాలం ఉంటే ఎముక అంత గట్టి." ఆ మాట వెంకమ్మ నిజంగా నమ్మింది. నమ్మాలని కూడా ఉంది. "విప్పించమంటావా? నువ్వు చెప్పు. రేపే పోదాం."

ప్రమీలమ్మ కట్టు అంచు ఎడమచేత్తో తడిమి చూసుకుంది. "ఉండనీ అత్తా," అంది చివరికి. "ఈమధ్య నాకు నిద్ర పడతా ఉండాది."

చైత్రం పోయింది, వైశాఖం వచ్చింది. నెల్లూరు జిల్లా ఎండలు ఆ కట్టులోకి దూరాయి. లోపల చెమట పొక్కులు లేచాయి. రాత్రిళ్లు దురద తట్టుకోలేక ప్రమీలమ్మ సిమెంటు మీద గోళ్లతో గీకేది. వెంకమ్మ చీపురుపుల్లకు గుడ్డ చుట్టి సందుల్లోంచి లోపలికి పోనిచ్చి గీరేది. పుల్ల వాసనతో బయటికి వచ్చేది. కట్టు అంచులు అరిగి పిండి రాలుతుంటే పాత చీర పేలికలతో చుట్టి కుట్టింది. జ్యేష్ఠం నాటికి ప్రమీలమ్మ తన వేళ్లు తనవి కానట్టున్నాయని చెప్పింది. ఇంకో పది రోజులు చూద్దాం అనుకున్నారు. అప్పుడే అద్దంకి నుంచి ఎవరో దూరపు బంధువులు రాబోతున్నారు మరి. అలా పది రోజులు నాలుగైదుసార్లు అయ్యాయి.

ఆషాఢంలో రాజమోహన్ పని మీద ఆత్మకూరు పోయాడు. బస్టాండు దగ్గర టీ తాగుతుంటే కట్టు వేసిన మహబూబ్ సుభాని, ఆ చుట్టుపక్కల పంచాయతీల్లో అతణ్ణి చూసినవాడే, గుర్తుపట్టి పలకరించాడు.

"అమ్మగారి కట్టు యాడ విప్పించినారు సార్? మా దగ్గరికి రాలేదే. నెలన్నరకే రమ్మన్నాం గదా."

రాజమోహన్ సగం తాగిన టీ బల్ల మీద పెట్టి మొదటి బస్సుకే ఊరికి వచ్చాడు. ఇంట్లో ఏమీ అనలేదు. నారాయణయ్య అరుగు మీదే ఉన్నాడు. పొద్దున్నే జానీ బాషా కారు పిలిపించి తల్లినీ పెళ్లాన్నీ ఎక్కించాడు. ఈసారి తనూ ఎక్కాడు.

సుభాని పెద్ద కత్తెరతో కట్టు కోసి రెండు చెక్కలుగా విప్పాడు. వాసనకు అతను ముఖం తిప్పుకోలేదు గానీ వెంకమ్మ తిప్పుకుంది. చర్మం పొరలు పొరలుగా ఊడి వచ్చింది. చెయ్యి ఎండి, వేరొకరి చెయ్యి తెచ్చి అతికించినట్టుంది. డాక్టరు మోచేయి పట్టుకుని పైకెత్తబోయాడు. ప్రమీలమ్మ వార్డంతా వినబడేట్టు అరిచింది. చెయ్యి లేవలేదు, వీపు ఎముకతో సహా మనిషే లేచింది. కిందికి కూడా పూర్తిగా దిగలేదు, ఒంటికి జానెడు ఎడంగా ఆగిపోయింది.

"ఎవరు ఉంచమన్నారు ఇన్నాళ్లు?" డాక్టరు కేకలేశాడు. "అయిదు నెలలా! అతుక్కున్న ఎముకని పెట్టుకుని కీలుని చంపేశారు కదా!"

వెంకమ్మ కోడలి వైపు చూసింది. ప్రమీలమ్మే అంది, "నేనే సార్. నాకే భయమేసి."

నెల్లూరు తీసుకుపోయి చూపించండి, రోజూ ఆడించండి, కొంత రావచ్చు, పూర్తిగా మాత్రం రాదు అన్నాడు డాక్టరు. రాజమోహన్ అన్నిటికీ వినయంగా తలూపాడు.

ఇంటికి చేరేసరికి పొద్దు వాలుతోంది. కట్టు లేదు కాబట్టి వాకిట్లో ఎవరూ లేరు. అతను తలుపు దగ్గరికి వేసి వెనక్కి తిరిగాడు.

"ఎందుకు చెప్పినారు నాకు అబద్దం?"

 మజ్జిగ తాగించడం, బంధువులు, చక్కెర, అన్నీ ఒక్కొక్కటే అతని కళ్ల ముందు తిరిగాయి. అర్థమైపోయింది. కొట్టానన్న సిగ్గుకన్నా, తనను చూసి భయపడి ఇద్దరాడవాళ్లు అయిదు నెలలు ఒక సిమెంటు గోడ వెనక దాక్కున్నారన్న అవమానం అతనికి ఎక్కువ మండింది.

"నన్ను ఎర్రోణ్ణి జేసి ఆడించినారే!" అంటూ చెయ్యెత్తాడు.

పన్నెండేళ్ల అలవాటు. దెబ్బ వచ్చేటప్పుడు ప్రమీలమ్మ కుడిచెయ్యి దానంతటదే లేచి ముఖానికి అడ్డం వచ్చేది. ఇప్పుడు కూడా లేవాలని చూసింది. మోచేయి పక్కకి బెత్తెడు కదిలి, అక్కడే ఆగి వణికింది. అతని అరచెయ్యి అడ్డం లేకుండా చెంప మీద పడింది. మళ్లీ పడింది. ఎడమచెయ్యి వచ్చేలోపు మూడోది కూడా పడింది.

తను కాపాడాననుకున్నది ఏమిటో, చేసింది ఏమిటో వెంకమ్మకు అప్పుడు కనబడింది. గొడ్లపాక వైపు పోలేదు. తలుపు లాగి వీధిలోకి పరిగెత్తింది. జుట్టు ముడి ఊడిపోయింది, పైట జారుతోంది.

"రండయ్యా! రండమ్మా! నా కోడలు మెట్ల మింద పళ్లేదు. నా కొడుకు విరిచినాడు దాని భుజం! వోడే విరిచినాడు! ఇప్పుడు కూడా కొడతా ఉండాడు!"

తలుపులు తెరుచుకున్నాయి. జనం వచ్చారు. నారాయణయ్య అందరికన్నా ముందు వచ్చాడు. కూలి నుంచి తిరిగొస్తున్న ఓబమ్మ గంప దించి నిలబడింది. రాజమోహన్ నెమ్మదిగా గడప దాటి బయటికి వచ్చాడు.

"ఆత్మకూరు కాడ్నించి అమ్మ ఇట్టనే మాట్లాడతా ఉండాది చిన్నాయనా," అన్నాడు నారాయణయ్యతో, గొంతు తగ్గించి. "కోడలి చెయ్యి పొయిందని డాక్టరు చెప్పినాడు. ఆ దిగులుకి మతి చెడినట్టుంది."

"నేను చెప్పేది నిజం!" వెంకమ్మ అరిచింది. "అంతా నేను అల్లినాను. మబ్బు లేదు, నాచు లేదు."

నారాయణయ్య జాలిగా చూశాడు. "చెప్పు తెగిందని నువ్వే గదా వదినా చెప్పినావు. అయిదు నెలలు ఊరంతటికీ నువ్వే గదా చెప్పినావు. కొడుకు మింద ఒట్టేసి మరీ చెప్పినావంట కావలి అబ్బాయికి."

ఓబమ్మకు ఎందుకో అనుమానం తీరలేదు. ఆమె గడప దాకా పోయి లోపలికి చూసింది. ప్రమీలమ్మ గోడకానుకుని నిలబడి ఉంది. చెంప మీద వేళ్లు తేలి ఉన్నాయి గానీ చీకటి పడుతోంది, దీపం ఇంకా పెట్టలేదు.

"చిన్నమ్మా, నువ్వు చెప్పు. ఏం జరిగింది?"

ప్రమీలమ్మ ఓబమ్మను చూసింది. ఓబమ్మ వెనక నిలబడ్డ మొగుణ్ణి చూసింది. ఓబమ్మ కాసేపట్లో గంప ఎత్తుకుని తన గుడిసెకు పోతుంది. నారాయణయ్య ఇంటికి పోయి అన్నం తింటాడు.

"మెట్ల మింద పడినాను," అంది. "చింతపండు ఎత్తకరాను పొయ్యి."

వెంకమ్మ వీధిలో అలాగే కూలబడింది. ఎవరో మంచినీళ్లు తెచ్చారు. ఎవరో వేపమండలతో దిష్టి తీయించమన్నారు. కోడలి మీద ఆమెకు కోపం రాలేదు. ఆ మాట నేర్పింది తనే.

మర్నాడు పొద్దున్నే మళ్లీ పలకరింపులు మొదలయ్యాయి, ఈసారి వెంకమ్మకు. రాజమోహన్ వచ్చినవాళ్ల పక్కన కూర్చుని తల్లికి మతి ఎట్లా చెడిందో బాధగా చెప్పాడు. పెళ్లాం తెచ్చిన కాఫీ చల్లారిపోయినా పల్లెత్తు మాట అనకుండా తాగాడు. మంచం మీద పడుకుని గోడ వైపు తిరిగి ఉన్న వెంకమ్మ ఆ గ్లాసు కింద పెట్టిన చప్పుడు విన్నది. ప్రమీలమ్మ అడుగులు ఏ తొందరా లేకుండా వంటింట్లోకి పోవడం విన్నది. కట్టు పోయినా జనం మాత్రం వస్తూనే ఉన్నారు.

పొద్దుటి బస్సు కండక్టరు చెప్పిన కబురు విని, మధ్యాహ్నం బస్సుకు అనంతసాగరం నుంచి పినతల్లి కూతురు ఉసూరుమంటూ దిగింది. చిన్నప్పుడు ఒకే కంచంలో తిన్న మనిషి. మంచం దగ్గరికి వచ్చి "ఏందక్కా ఇట్టయిపొయినావు!" అని చెయ్యి పట్టుకుని బావురుమంది.

వెంకమ్మ లేచి కూర్చుంది. జుట్టు విరబోసుకుంది. ఆమె ముఖంలోకి పరీక్షగా చూసి, చేయి విదిలించుకుని, ఇల్లంతా వినబడేట్టు అడిగింది.

"ఎవురు మే నువ్వు?"